ఆముదం పోసిన క్లచ్

మా నాన్న జగిత్యాలలో ఒక డాక్టరు దగ్గర కంపౌండరుగా పనిచేసేవాడు. రాజం అనే డ్రైవరుకు రెండేళ్లపాటు నెలకొక సీసా స్పిరిటు ఇచ్చింది ఆయనే. డాక్టరుకు చెప్పే ఇచ్చాడు. ఆ స్పిరిటు పుండ్లు కడగడానికి కాదు, కారు క్లచ్‌లో పోయడానికి. రాజం కథతో మా ఇంటికి ఉన్న సంబంధం అంతే. మిగిలినదంతా ఆయన మా వసారాలో కూర్చుని చెప్పింది, ఆయన భార్య అనసూర్య మా అమ్మతో చెప్పుకున్నది.

రాజం సాలెల ఇంట్లో పుట్టాడు. ఇంట్లో గుంట మగ్గం ఉండేది. తండ్రీ అన్నలూ ఆ గుంటలో కాళ్లు పెట్టి పొద్దంతా తొక్కుతూ నేసేవాళ్లు. రాజానికి చిన్నప్పటి నుంచీ ఆ గుంట గిట్టలేదు. ఇరవై ఏళ్లు నిండకముందే ఒక దొర దగ్గర కారు తుడిచే పనికి కుదిరి, రెండేళ్లలో డ్రైవరయ్యాడు. అది యుద్ధానికి ముందు కొన్న అమెరికా కారు. ఒళ్లంతా నలుపు, లోపల ఎనిమిది మంది పట్టేంత చోటు. పోలీసు చర్య అయిన మరుసటి ఏడు దొర ఊరు విడిచి హైదరాబాదు చేరాడు. అక్కడ ఆయనకు కొత్త కారు వచ్చింది. పాతదాన్ని రాజానికే వదిలేశాడు.

పదేళ్లు ఆ కారును కిరాయికి తిప్పాడు. కొండగట్టుకు మొక్కులు తీర్చుకోవడానికి పోయేవాళ్లు, ధర్మపురి గోదావరి స్నానాలకు పోయేవాళ్లు, పెళ్లివాళ్లు, నొప్పులు పడుతున్న ఆడవాళ్లు, అందరూ ఎక్కారు. ఎడ్లబండి ఎదురైతే హారను కొట్టేవాడు కాదు. ఎడ్లు బెదురుతాయని బండి పక్కకు తీసి ఆగేవాడు. ఆ అలవాటు చూసి నవ్వేవాళ్లు ఉండేవారు. అయినా కాన్పుకు ఆడపిల్లను పంపాలంటే జనం రాజం కారునే వెతుక్కునేవాళ్లు. ఆయనకు పుట్టిన ఇద్దరు పిల్లలూ నిలవలేదు. భార్యాభర్తలు ఇద్దరే ఉండేవాళ్లు. అనసూర్య ఇంట్లో బీడీలు చేసేది, ఎండాకాలం ఆముదం గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి ఆముదం తీసేది. ఆమె తీసిన ఆముదానికి వాడకట్టులో మంచి పేరుండేది. బాలింతల ఇళ్లవాళ్లు అడిగి మరీ తీసుకుపోయేవాళ్లు.

1959 వానాకాలంలో రాజం కారు కింద పడుకుని పనిచేస్తుంటే తడిసిన నేలలో జాకీ ఒరిగింది. ఇరుసు ఎడమ తొడ మీద పడింది. ఎముకలు కట్టేవాడు కట్టు కట్టాడు. ఎముక అతికింది గానీ వంకరగా అతికింది. ఆరు నెలలకు కర్ర పట్టుకుని నడిచాడు. నడక వచ్చింది, కాలిలో బలం మాత్రం రాలేదు. ఆ కారు క్లచ్ పాతకాలపు కడ్డీల క్లచ్. కొత్తలోనే గట్టిగా ఉండేది, అరిగిన తర్వాత ఇంకా మొండికేసింది. దాన్ని తొక్కాలంటే ఒళ్లంతా ఎడమ కాలి మీద వేయాలి. ఊరు దాటేలోపు రాజం తొడ వణికేది, మోకాలు పట్టు తప్పేది. అన్నలు మగ్గం మీదికి రమ్మన్నారు. మగ్గానికైనా రెండు కాళ్లూ కావాలి. ఒకరోజు గుంటలో దిగి కూర్చుని చూశాడు. నాలుగు వేళ్ల బట్ట నేసేసరికి కాలు కదలనని మొరాయించింది. అన్న అతన్ని చంకల కింద చేతులు వేసి పైకి లాగాల్సి వచ్చింది. ఆ సాయంత్రం నుంచి ఆయన అన్నం సరిగ్గా తినలేదని అనసూర్య చెప్పేది. ఆ చలికాలం చివర్లో కారు ఇంజను కూడా పగిలింది. బండి ఇంటి ముందు తాటాకుల పందిరి కింద ఏడాదికి పైగా కదలకుండా ఉంది.

అలాంటప్పుడు మంచిర్యాల నుంచి దేవదాస్ కబురు పంపాడు. కిరాయి రోజుల నుంచీ రాజం బండి బాగుచేసేది అతనే. ఆదిలాబాద్ వైపు వాడు. యుద్ధకాలంలో మిలిటరీ వర్క్‌షాపులో పని నేర్చి, మంచిర్యాల రైల్వే గేటు దగ్గర రేకుల షెడ్డు వేసుకున్నాడు. బక్కపలచటి మనిషి, మాటలు తక్కువ. ఏ యంత్రం ముందైనా మొదట వాసన చూసేవాడు. కాలిందా, కారిందా, ఎండిందా అన్నది ముక్కుతోనే చెప్పేవాడు. చెన్నూరు దారిలో కల్వర్టులో పడ్డ ఒక వ్యాను వేలంలో తన చేతికి వచ్చిందనీ, దాని డీజిల్ ఇంజను బాగుందనీ, అది రాజం కారులో పడుతుందనీ కబురు. వ్యానుకు ఉన్నది నూనె క్లచ్ అనీ, దాన్ని తొక్కడానికి అంత బలం అక్కర్లేదనీ కూడా చెప్పి పంపాడు.

రాజం ఆ రాత్రి అన్నం తిన్నాడని, రెండోసారి పెట్టించుకున్నాడని అనసూర్య గుర్తుపెట్టుకుంది.

1961 మే నెలలో కారుకు రెండు జతల ఎడ్లు కట్టి మంచిర్యాలకు లాగించారు. రాజం స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ధర్మపురి దాటి రాయపట్నం రేవు దగ్గర గోదావరి ఎండి ఇసుక తేలి ఉంది. ఇసుకలో చక్రాలు కూరుకుపోయాయి. అక్కడ కలిసినవాడే హనుమండ్లు. వానాకాలమంతా రేవులో జోడు పడవలు నడిపేవాడు, ఎండాకాలం నది ఇసుకలో దోసతీగలు పెట్టేవాడు. రాజాన్ని పదేళ్లుగా ఎరుగును. తీగల దగ్గరి నుంచి తాటిమట్టలు తెచ్చి చక్రాల కింద పరిచి, తన భార్య లింగవ్వను, పక్క పాదులవాళ్లను పిలిచి కారును ఒడ్డెక్కించాడు. తర్వాత రాజాన్ని గుడిసె నీడలో కూర్చోబెట్టి దోసకాయ కోసి పెట్టాడు. డ్రైవర్ సాబు కారు ఎడ్లు లాగే కాలం వచ్చిందని నవ్వాడు. రాజానికి ఆ నవ్వు నొప్పి కలిగించలేదు.

పని నెలన్నర పట్టింది. కొత్త ఇంజను బరువెక్కువ. దానికి తగ్గట్టు దేవదాస్ ముందరి స్ప్రింగు పట్టీలకు ఒక్కో పట్టీ కలిపాడు, ఇంజను కూర్చునే దిమ్మెలు మార్చాడు. అవన్నీ అతనికి అలవాటైన పనులే. చిక్కంతా క్లచ్ దగ్గరే వచ్చింది. పాత ఇంజనుకు క్లచ్‌ను కదిలించే పిడి కుడివైపు ఉండేది. కొత్తదానికి ఎడమవైపు. పాత కడ్డీలు అంతదూరం పోవు, మధ్యలో ఇంజను అడ్డం. నూనె క్లచ్ తప్ప దారి లేదు. దాని తీరు దేవదాస్ రాజానికి విప్పి చూపించాడు. పెడల్ దగ్గర ఒక చిన్న పంపు, కింద గేర్‌బాక్సు దగ్గర ఇంకొకటి, రెంటి మధ్య సన్నటి రాగి గొట్టం. కాలు నొక్కితే పై పంపులోని నూనె కింది పంపులోకి పోయి పిడిని తోస్తుంది. పంపుల లోపల బొటనవేలంత రబ్బరు వాషర్లు. నూనెను పక్కకు జారనీయకుండా పట్టి ఉంచేవి అవే.

పై పంపును పెడల్ ముందరి రేకుకు బిగిస్తే, తొక్కినప్పుడల్లా రేకు వంగేది. కాలి బలమంతా రేకును వంచడానికే సరిపోయేది. దేవదాస్ రేకు వెనక మందపాటి ఇనుప పలక వేసి రివెట్లు కొట్టాడు. ఆ తర్వాత పెడల్ కాడకు ఒకదాని మీద ఒకటి మూడు రంధ్రాలు తొలిచాడు. పంపు కడ్డీని పై రంధ్రానికి తగిలిస్తే పెడల్ వెన్నలా దిగింది, కానీ క్లచ్ పూర్తిగా విడలేదు, గేర్లు గరగరలాడాయి. కింది రంధ్రానికి పెడితే క్లచ్ చక్కగా విడింది, రాజం కాలు మాత్రం చాలలేదు. నడిమి రంధ్రంతో అటూ ఇటూ సరిపోయింది. సరిగ్గా సరిపోయింది, మిగులు ఏమీ లేదు. చుక్క నూనె కారినా, బుడగంత గాలి చేరినా క్లచ్ విడదు. ఆ సంగతి దేవదాస్ దాచలేదు.

నూనె గురించి మరీ మరీ చెప్పాడు. ఆ పంపుల్లో పోసే నూనె సీమ నుంచి రావాలి, ఈ జిల్లాల్లో దొరకదు. మిలిటరీలో సరుకు రానప్పుడు ఆముదంలో స్పిరిటు కలిపి పోసేవాళ్లు. రబ్బరుకు ఆముదం మంచిది.

"ఆముదం, స్పిరిటు. గంతే రాజం. ఇంజనాయిల్ చుక్క పడ్డా రబ్బరును తింటది. ఇయ్యాల తినది, రేపు తినది. వారానికో పదిదినాలకో ఉబ్బి తునిగిపోతది. రోడ్డు మీద ఆముదం లేకుంటే బండి ఆపి కూసో. కానీ పొయ్యకు" అన్నాడు.

రాజం సరేనన్నాడు. జగిత్యాలకు కబురు పంపి అనసూర్య తీసిన ఆముదాన్నే తెప్పించాడు. దేవదాస్ సీసా మూత తీసి వాసన చూసి, కొట్టు ఆముదం కంటే ఇది బరోబర్ ఉందని, తడి లేకుండా మరగబెట్టారని మెచ్చుకున్నాడు. ఆ మాట రాజం ఇంటికి వచ్చి చెబితే అనసూర్య సిగ్గుపడి, నా నూనెతో కారు నడుస్తుందా అని వాకిట్లో ఉన్నవాళ్లందరికీ చెప్పుకుంది.

రెండేళ్లు బండి బాగా నడిచింది. రాజం మళ్లీ మనిషయ్యాడు. ఒక్క సంగతి మాత్రం ఆయనకు అలవాటు కాలేదు. డీజిల్ ఇంజను తాళం తిప్పితే ఆగదు. డీజిలు రాకుండా ఆపడానికి స్టీరింగు కింద ఒక తీగ ఉంటుంది, దాన్ని లాగాలి. పాత ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ ఇల్లు చేరగానే తాళం తిప్పి దిగబోయేవాడు. ఇంజను కొట్టుకుంటూనే ఉండేది. తిట్టుకుంటూ మళ్లీ వంగి తీగ లాగేవాడు.

1963 కార్తీకంలో ఒకరోజు కోరుట్ల నుంచి జనాన్ని ఎక్కించుకుని వస్తుంటే పెడల్ మెత్తబడింది. బండి ఆపి చూస్తే పై పంపుకు నూనె అందించే చిన్న సీసాలో నూనె అడుక్కి దిగింది. ఆముదం సీసా ఇంటి దగ్గర ఉండిపోయింది. కారులో ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లి. ఎండ మీదికి వచ్చింది. ఆముదం ఏ ఊళ్లోనైనా దొరికేదే, మైలు దూరంలో ఊరుంది. ఆ మైలు నడవడానికి ఆయన కాలికి ఓపిక లేదు. డిక్కీలో ఇంజనాయిల్ డబ్బా ఉంది. ఒక్కపూటకేమవుతుంది, ఇంటికి పోయి తీసి కడిగి ఆముదం పోద్దామనుకుని ఇంజనాయిలే పోశాడు. పెడల్ గట్టిపడింది. ఇల్లు చేరాడు. మరునాడు తెల్లారకుండానే ఇంకో కిరాయి వచ్చింది. కార్తీకమాసంలో బండికి తీరిక ఉండదు. క్లచ్ చక్కగా పనిచేస్తోంది, మునుపటికంటే మెత్తగా కూడా ఉంది. దేవదాస్‌ది అతి జాగ్రత్తేమో అనిపించింది. కడగలేదు. అనసూర్యకు కూడా చెప్పలేదు.

పన్నెండో రోజు సోమవారం. ధర్మపురిలో స్నానం చేసి లక్షెట్టిపేటకు పోవాల్సిన ఒక కుటుంబాన్ని తీసుకుని పొద్దున తొమ్మిదికి రాయపట్నం రేవుకు వచ్చాడు. నదిలో ఇంకా నిండుగా నీళ్లున్నాయి. హనుమండ్లు జోడు పడవలు ఒడ్డుకు ఆనించి, వాటి మీద పరిచిన పలకల దాకా రెండు మందపాటి మొద్దు చెక్కలు వేసి సిద్ధంగా ఉన్నాడు. అలవాటు ప్రకారం జనాన్ని దింపి నడిపించి ఒడ్డునే నిలబెట్టారు. కారు ఒక్కటే ముందు ఎక్కాలి. ఒడ్డున నీళ్లలో నుంచి రావడం వల్ల చక్రాలు, బ్రేకులు తడిసి ఉన్నాయి. హనుమండ్లు పడవ మీద కారు ముందర నిలబడి, రెండు చేతులూ ఊపుతూ వెనక్కి అడుగులు వేస్తున్నాడు. ముందు చక్రాలు పలకల మీదికి వచ్చాయి, వెనక చక్రాలూ ఎక్కాయి. ఆగమన్నట్టు హనుమండ్లు చెయ్యెత్తాడు.

రాజం క్లచ్ తొక్కాడు. కాలు అడ్డు లేకుండా నేలను తాకింది. క్లచ్ విడలేదు. కారు నడుస్తూనే ఉంది. బ్రేకు తొక్కాడు, తడిసిన బ్రేకు పట్టలేదు. ఆయన చెయ్యి తాళం మీదికి పోయింది. తాళం తిప్పాడు. ఇంజను ఆగలేదు. తాళంతో ఆగదన్న సంగతి గుర్తుకొచ్చి తీగ కోసం తడుముకునేసరికి బంపరు హనుమండ్లును పడవ చివర అడ్డంగా కట్టిన కర్రకు ఆనించి నొక్కింది. కర్ర విరిగింది. మనిషి, ఆ వెంటనే కారు, గోదావరిలో పడ్డాయి.

రాజాన్ని ఇంకో పడవవాడు జుట్టు పట్టి లాగాడు. హనుమండ్లు కారు కింద ఉన్నాడు. మధ్యాహ్నానికి గానీ తీయలేకపోయారు. ఇంటి నుంచి లింగవ్వను పిలుచుకొచ్చారు. ఆమె భర్త పక్కన కూర్చుని అతని నోట్లోని ఇసుకను వేలితో తీస్తూ ఉండిపోయింది. రాజం పది గజాల దూరంలో తడిబట్టలతో కూర్చుని అదే చూశాడు.

కారును నాలుగో రోజు ఎడ్లతో లాగించి పోలీసు ఠాణా వాకిట్లో పెట్టారు. బండిని పరీక్షించిన అధికారి, ఇంజను మార్చిన సంగతి కాగితాల్లో ఎక్కలేదనీ, క్లచ్ ఒకదానికొకటి పొసగని సామాన్లతో చేతికొచ్చినట్టు కట్టిందనీ రాసుకున్నాడు. దేవదాస్‌ను పిలిపించారు. అతను వాకిట్లో కూర్చుని పై పంపు విప్పాడు. నది నీళ్లు, బురద వచ్చాయి. వాషరు అరచేతిలో పడింది. ఉబ్బి, జిగటగా మారి, అంచు చిరిగి ఉంది. దేవదాస్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉన్నాడు. తర్వాత రాజం దగ్గరికి వచ్చాడు.

"ఏం పోసినవ్ రాజం?"

పక్కనే పోలీసు ఉన్నాడు. కొంచెం దూరంలో హనుమండ్లు తమ్ముళ్లు నిలబడి ఉన్నారు.

"ఆముదమే" అన్నాడు రాజం.

"ఇంజనాయిల్ పొయ్యలే కదా?"

"లేదన్నా. నువ్వు చెప్పినంక ఎందుకు పోస్త."

దేవదాస్ వాషరును మళ్లీ ఒకసారి వాసన చూశాడు. దాన్ని పోలీసు చేతిలో పెట్టాడు. కోర్టులో జడ్జి అడిగినప్పుడు, నేను ఆముదం పోయమన్నాను, ఆయన ఆముదమే పోశాడు, అలాగైతే తప్పు నా పనిలోనే ఉండాలి అని చెప్పాడు. దేవదాస్ తరఫున వాదించేవాడు కూడా ఆ మాట విని తలపట్టుకున్నాడు. రాజానికి మూడు నెలల శిక్ష, లైసెన్సు రద్దు. బండిని తయారుచేసిన వాడిది ఎక్కువ తప్పని దేవదాస్‌కు ఆరు నెలలు వేశారు. జడ్జి ఆ తీర్పు చదువుతున్నప్పుడు తాను ఇప్పుడు చెబుదాం, ఇప్పుడు చెబుదాం అనుకుంటూ నిలబడ్డానని రాజం మా నాన్నతో అన్నాడు. నోరు తెరిచేలోపు ఇంకో కేసు పిలిచారట.

శిక్ష అయ్యాక రాజం ఒక బియ్యం మిల్లులో గేటు కాపలాకు కుదిరాడు. స్టూలు మీద కూర్చుని వచ్చీపోయే బండ్లను లెక్కపెట్టడం పని. దేవదాస్ మంచిర్యాల షెడ్డు మూసేశాడని, ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగు మిల్లులో యంత్రాలకు నూనె పెట్టే పనికి చేరాడని రాజానికి తెలిసింది.

రెండేళ్లు గడిచాయి. ఒక ఎండాకాలం పక్కింటి బాలింత కోసం ఎవరో అనసూర్యను ఆముదం అడిగారు. ఆమె తీయడం మానేశానంది. మానేసిన సంగతి రాజం గమనించనే లేదు. ఎందుకు మానేశావని అడిగాడు.

అనసూర్య బీడీలు చుడుతున్న చేట పక్కకు పెట్టింది. "గా ఏడు పొయ్యి మీద నూనె సరిగ కాగలే కావచ్చు. కట్టెలు పచ్చివి. తడి ఉన్నట్టుంది. నా నూనెల తడి ఉండె, రబ్బరు పాడాయె. గా మనిషి పాణం నా చేతులల్లనే పోయింది. గిప్పుడు బాలింతలకు గా చేతితోటి ఎట్ల ఇయ్యాలె?"

ఆమె ఆ మాట మామూలుగానే చెప్పింది. రెండేళ్లుగా మనసులో తిప్పితిప్పి అరిగిపోయిన మాటలా వచ్చింది. రాజం అప్పుడు చెప్పాడు. కోరుట్ల దారిలో పోసిన ఇంజనాయిల్ సంగతి, ఠాణా వాకిట్లో ఆడిన అబద్ధం, అన్నీ చెప్పాడు. ఆమె విన్నది. చేట దగ్గరికి లాక్కుని మళ్లీ బీడీలు చుట్టింది. చుట్టిన బీడీలు విడిపోతుంటే మళ్లీ చుట్టింది. పొద్దుగూకే వేళ మాత్రం, "దేవదాసన్నకు చెప్పినవా?" అని అడిగింది. లేదన్నాడు. పొయ్యి చెప్పుమంది.

1966లో రాజం బస్సులు మారి ఆదిలాబాద్ పోయాడు. జిన్నింగు మిల్లు గాలిలో పత్తి నూగు ఎగురుతోంది. దేవదాస్ కనుబొమల మీద, మీసాల మీద తెల్లగా అంటుకుని ముసలివాడిలా ఉన్నాడు. చేతిలో నూనె డబ్బా. రాజాన్ని చూసి ఆశ్చర్యపోయాడు, కాలు ఎలా ఉందని అడిగాడు. బయట వేపచెట్టు కింద కూర్చున్నారు. రాజం చెప్పడం మొదలుపెట్టి ఆపకుండా చివరిదాకా చెప్పాడు.

దేవదాస్ డబ్బా మూత విప్పి మళ్లీ బిగించాడు.

"గా దినం నాకు ఇంజనాయిల్ వాసనొచ్చింది" అన్నాడు. "వచ్చిందని నేను అనుకున్న. నువ్వు ఆముదమంటివి. నువ్వు నాకు అబద్ధమెందుకు చెప్తవ్? నా ముక్కే తప్పనుకున్న. ముక్కు తప్పితే చెయ్యి కూడ తప్పుతది కదా. జేలు నుంచి వచ్చినంక ఒక బండి పట్టిన. బిగిస్త, మళ్ల విప్పుత, మళ్ల బిగిస్త. బరోబర్ ఉందో లేదో నాకే తెలుస్తలేదు. గా అనుమానం పెట్టుకొని బండ్లెట్ల జెయ్యాలె? ఇడిసిపెట్టిన."

"మళ్ల షెడ్డు పెట్టుకో అన్నా. అందరికి నేనే చెప్త. తప్పు నాదని చెప్త."

దేవదాస్ తల అడ్డంగా ఊపాడు. "మూడేండ్లాయె రాజం. గిప్పుడు నువ్వు నా ముక్కు మంచిదే అంటున్నవ్. నాకు నమ్మకం వస్తలేదు." లోపల గంట కొట్టారు. లేచి బట్టలు దులుపుకున్నాడు. "నాలుగింటికి బస్సుంది. గది పోతే మళ్ల రేపే" అని చెప్పి లోపలికి పోయాడు.

రాజం నాలుగింటి బస్సు ఎక్కాడు.

తిరిగి వస్తూ మరునాడు రాయపట్నం రేవులో దిగి లింగవ్వ దగ్గరికి పోయాడు. ఆమె తీగల మధ్య పిట్టలు తోలుతోంది. ఆయన చెప్పింది ఆమె నిలబడి విన్నది. ఆయన పోసింది ఏ నూనె అన్నది ఆమెకు పట్టలేదు. ఆముదమైనా ఇంకోటైనా తన మనిషి లేడు కదా అంది. ఇదంతా ఇప్పుడు తన ముందర పెట్టి ఏం చేయమంటావని అడిగింది. పిట్టలు మళ్లీ వాలుతున్నాయని ఆమె అటు పోయింది.

తర్వాత ఆయన మా నాన్న చేత కోర్టుకు ఒక అర్జీ రాయించాడు. తాను అబద్ధం ఆడాననీ, క్లచ్ కట్టినవాడి తప్పు ఏమీ లేదనీ అందులో ఉంది. అక్కడి గుమాస్తా చదివి, శిక్ష ఇద్దరూ అనుభవించారు, కేసు మూసేశారు, దీన్ని ఎక్కడ పెట్టమంటావని తిరిగి ఇచ్చేశాడు. మా నాన్న జిల్లా కోర్టుకు ఇంకొకటి పంపాడు. దానికి జవాబు రాలేదు.

అప్పటి నుంచి రాజం వినేవాళ్లు దొరికితే చాలు చెప్పేవాడు. మిల్లు గేటు దగ్గర ఆగిన లారీ డ్రైవర్లకు, బస్టాండులో చాయ్ తాగేవాళ్లకు, క్లచ్ పంపు ఎలా ఉంటుంది, వాషరు ఎందుకు ఉబ్బుతుంది, దేవదాస్ మూడు రంధ్రాలు ఎందుకు తొలిచాడు, నడిమిది ఎంత సరిగ్గా కుదిరింది, అన్నీ వేళ్లతో చూపిస్తూ చెప్పేవాడు. మొదట్లో విన్నారు. ఆ తర్వాత ఆయన కర్ర చప్పుడు వినగానే లేచిపోయేవాళ్లు. మిల్లు యజమాని పని మానిపించాడు. అనసూర్య ఒక్కత్తే బీడీలు చేసి ఇల్లు నడిపింది. ఆయన అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు.

1968 నాటికి చెప్పడం కూడా మానేశాడు. మా వసారాలోకి వచ్చి కూర్చునేవాడు, మా నాన్న మంచినీళ్లు ఇస్తే తాగేవాడు. దేవదాస్ దగ్గరి నుంచి ఉత్తరం ఏమైనా వచ్చిందా అని మాత్రం అడిగేవాడు. మా నాన్న ఆదిలాబాద్‌కు మూడు కార్డులు రాశాడు. ఒక్కదానికీ జవాబు లేదు. ఆ సంగతి చెబితే సరేనని తలూపి, ఎడమ కాలును రెండు చేతులతో ఎత్తి మెట్టు కిందికి దించుకుని, ఇంటికి పోయేవాడు.